తుమ్మ మొద్దు నుంచి తొమ్మిది అడుగులు

బడంగ్‌పేటలో మా బాపుకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. పెయింటు డబ్బాలు, బైండింగ్ తీగ, నల్లా సామాను, సున్నం బస్తాలు, కొత్త కాలనీ లేచే చోట ఏమేం కావాలో అవన్నీ అందులో దొరుకుతాయి. దుకాణం ముందు ఒక డ్రమ్ములో నడుమెత్తు వెదురు బద్దలు నిలబెట్టి ఉంటాయి. ప్రతి బద్ద కొసకూ జానెడు ఎర్రగుడ్డ. ప్లాట్లు కొలిచేవాళ్ళు, రోడ్డుకు గుర్తులు పెట్టేవాళ్ళు వాటిని కట్టలకు కట్టలు పట్టుకుపోతారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ గుడ్డలు కట్టడం నా పని. రెండు చుట్లు, ఒక ముడి, ముడి మీద మెలితిప్పి ఇంకో ముడి. గాలికి ఊడిరాకుండా బాపు నేర్పిన ముడి అది. ఒకసారి పడితే పళ్ళతో పీకినా రాదు.

ప్రకృతి సంరక్షణలో ఎమ్మెస్సీ చేస్తానన్నప్పుడు బాపుకు ఆ మాట నోరు తిరగలేదు. ఎవరైనా అడిగితే "మా బిడ్డ పిట్టల సదువు సదువుతున్నది" అనేవాడు. అనేటప్పుడు కొంచెం నవ్వు, కొంచెం దిగులు.

"సదువు బిడ్డా, నేను వద్దంటలేను. కని జూన్ల అయిపోవాలె. అటెంక బీఈడీ చేసి యాడన్న టీచర్‌గ కుదురుకోవాలె" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా ముందు సరేననేసి, తర్వాత తీరిగ్గా కోపం తెచ్చుకునేదాన్ని.

రెండో ఏడాది చివర ప్రాజెక్టు చేయాలి. అది ఒప్పుకుంటేనే పట్టా. నాతో చదివేవాళ్ళు పులులున్న అడవులకూ, మొసళ్ళున్న నదులకూ పోయారు. నాకు ఇంట్లో పొద్దు గూకే వేళకు వచ్చెయ్యాలన్న షరతు ఉంది కాబట్టి స్కూటీ మీద పోయి రాగలిగే అడవి కావాలి. అలాంటి అడవి ఎక్కడా లేదు. అందుకని శంషాబాద్ ఇవతల సాతంరాయి చెలకలను ఎంచుకున్నాను. వానను నమ్ముకుని పండే ఎర్రమట్టి నేలను మా వైపు చెలక అంటారు. హైవేకూ, రాళ్ళు పాతి వదిలేసిన వెంచర్లకూ నడుమ అవి ఇంకా కొన్ని మిగిలాయి. అక్కడ తీతువు పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. తల మీదుగా విమానం దిగుతుంటే తల కూడా ఎత్తని ఆ పిట్ట, మనిషి నూరు గజాల్లోకి వస్తే ఊరంతా లేచేలా అరుస్తుంది. ఆ పక్షపాతం నాకు నచ్చింది.

మా గైడు సారు గోదావరి వైపు మనిషి. మాట ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టుండేది. "గూడు కనబడగానే గుర్తు పెట్టుకో అమ్మా. మూడు రోజులకోసారి వెళ్ళి చూడు. గుడ్లు పగిలి పిల్లలు లేచాయా, గుడ్లు పోయాయా, పోతే ఎందుకు పోయాయి, ఇవి రాసుకో. గుర్తు మాత్రం గూటికి బాగా దూరంగా, దేని కంటా పడకుండా ఉండాలి" అన్నారు. మొదటి ముక్క శ్రద్ధగా విన్నాను. చివరి ముక్క పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తల్లో ఒకటిలే అనుకున్నాను.

ఎందుకంటే గూడు అనడానికి అక్కడ ఏమీ ఉండదు. నేల మీద అరచేతంత గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో మట్టి రంగు మచ్చల గుడ్లు నాలుగు. ఒకసారి చూసి తల తిప్పి మళ్ళీ చూస్తే కనబడవు. మొదటి వారం ఒక గూటి కోసం గంటసేపు వెతికి, విసిగి, కాలు మోపబోతూ చివరి నిమిషంలో ఆగాను. నా చెప్పు గుడ్లకు బెత్తెడు దూరంలో ఉంది. మర్నాడు దుకాణం ముందున్న డ్రమ్ములోంచి ఒక కట్ట తీసి స్కూటీకి కట్టుకున్నాను. ఒక్కో గూటికి మూడడుగుల ఎడంలో ఒక్కో బద్ద పాతాను. అల్లంత దూరం నుంచే ఎర్రగుడ్డలు కనబడుతుంటే ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను.

ఆ చెలకల్లో రెండెకరాలు ఒక పెద్దామెవి. అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఎప్పుడూ ఏదో ఒక పని మీద ఉండేది. బోరు పక్కన కొద్దిపాటి టమాట వేసుకుంది, మిగతా నేల వాన కోసం ఎదురుచూస్తోంది. నేను అక్కడ మూడో బద్ద పాతుతుండగా వచ్చి నిలబడింది.

"ఎవల బిడ్డవు? ఏం కొలుస్తున్నవ్?"

"కొలుస్తలేను పెద్దమ్మా. తీతువ పిట్ట గుడ్లు చూస్తున్న. సదువుల భాగం."

"గుడ్లు సూడనీకి ఎర్రగుడ్డ ఎందుకు?"

"జాగ యాదికుండనీకి."

ఆమె ఆ గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూసింది. "అప్పుడు వచ్చినాయన గూడ ఊకెనే పెడుతున్నమన్నడు. ఆరు నెల్లకు అద్దెకరం రోడ్డుల పోయింది. ఎర్రగుడ్డ పడ్డ జాగ ఇగ మనది గాదు బిడ్డా."

ఇది అది కాదని నేను చాలాసేపు చెప్పాను. కాలేజీ కార్డు చూపించాను. ఆమె కార్డు చూడలేదు, బద్దనే చూస్తోంది. కార్డు చూపించాక కూడా నమ్మకపోతే నేనేం చేయాలని లోపల కస్సుమన్నాను. అది మా దుకాణంలోని బద్దే. రోడ్డులో పోయిన ఆమె అరెకరంలో పాతినవీ అలాంటివే అయ్యుంటాయన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చినదాన్ని పక్కకు నెట్టి స్కూటీ ఎక్కాను.

మూడు రోజుల తర్వాత వచ్చేసరికి ఆమె చెలకలో ఒక్క బద్ద లేదు. బయట వెంచర్ల బీడులో పాతినవన్నీ ఉన్నాయి. గొర్రెల వాళ్ళ పనేమోనని మళ్ళీ పాతాను. మళ్ళీ మాయం. మూడోసారి పాతినప్పుడు గట్టిగా దిగ్గొట్టాను, అయినా మాయం. ఆ పూట నీళ్ళు తాగుదామని బోరు దగ్గరికి పోతే టమాట చెట్లు కనబడ్డాయి. చెట్టు చెట్టుకూ ఊతంగా నా బద్దలు. గుడ్డలన్నీ విప్పేసి ఉన్నాయి గానీ, ఒక బద్దకు ముడి రాక కొస పీలిక వేలాడుతోంది. రెండు చుట్లు, మెలితిప్పిన ముడి.

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది.

"పెద్దమ్మా, గివి నావి! నేను పొద్దంత ఎండల తిరిగి పెట్టిన!"

"అవ్ నీవే. నేనే పీకిన" అంది ఆమె, టమాటలు కోస్తూనే. "మంచిగున్నయి. చెట్లు వంగుతలెవ్వు."

"గుడ్లు ఎట్ల దొరకాలె నాకు? ఇది నా మూడు వారాల పని!"

"నాది నలబై ఏండ్ల పని బిడ్డా." గంప కింద పెట్టి లేచింది. "గుడ్లు ఏడున్నయో తెల్వనీకి నీకు కట్టె గావాల్నా? పా."

చెలక మధ్యలో ఎప్పుడో కొట్టేసిన తుమ్మ చెట్టు మొద్దు ఒకటి ఉంది. దానికి వీపు పెట్టి, దూరంగా కనబడే విమానాశ్రయం టవరుకు ఎదురుగా నిలబడి, నడుస్తూ గట్టిగా లెక్కపెట్టింది. తొమ్మిది అడుగులకు ఆగి చేయి చూపించింది. నాలుగు గుడ్లు. నేను నడిస్తే తొమ్మిదో అడుగుకు గూడు దాటి ఎటో పోయాను. "నీ అడుగులు గావు, నా అడుగులు" అని నవ్వింది. బోరు కాడికి పిట్ట వచ్చి కడుపు తడుపుకుని పోయి గుడ్ల మీద కూర్చుంటుందని, ఎటు పోతుందో చూస్తే చాలని, దుక్కి దున్నేటప్పుడు ఆ జాగ మీదికి వస్తే ట్రాక్టరు పళ్ళు ఎత్తించి కొంత నేల వదిలేస్తానని చెప్పింది. ఎండకు గుడ్లు ఉడకకుండా పిట్ట కడుపు తడుపుకుంటుందన్న సంగతి నేను పుస్తకంలో చదివాను. ఆమె రోజూ చూస్తోంది.

ఓడిపోయానని ఒప్పుకోవడం ఇష్టం లేక దానికి రాజీ అని పేరు పెట్టుకున్నాను. ఆమె చెలకలో బద్దలు ఉండవు, ఆమె చూపించినట్టు అడుగులు లెక్కపెట్టుకుంటాను. బయటి బీడులో బద్దలు ఉంటాయి. అలా నెల రోజులు గడిచాయి.

ఆమె చెలకలో గూళ్ళ నుంచి పిల్లలు లేచాయి. పుట్టిన పూటే పరుగెత్తే పిల్లలు, గుంటలో మిగిలే గోరంత పెంకు ముక్కలు, వాటిని చూసి నేను పుస్తకంలో రాసుకునేదాన్ని. బీడులో మాత్రం ఒక్కటి తప్ప అన్ని గూళ్ళూ పాడయ్యాయి. పగిలిన పెద్ద పెంకులు, ఎండిన సొన. నేను కుక్కలని రాశాను. వెంచర్ల లారీలని రాశాను. నగరం ఎలా పిట్టల్ని తరుముతుందో చెప్పే మంచి ముగింపు వాక్యాలు కూడా మనసులో తయారు చేసుకున్నాను. అవి నాకు చాలా నచ్చాయి.

ఏప్రిల్‌లో ఒక పొద్దున బీడులో ఒక గోడ నీడన కూర్చుని ఉన్నాను. నా బద్ద మీదికి ఒక కాకి వచ్చి వాలింది. ఎర్రగుడ్డ పక్కన కుదురుగా కూర్చుని కిందికి చూసింది. దిగింది. మూడు గెంతులు గెంతింది. తీతువులు రెండూ అరుస్తూ దాని తల మీదికి దూకాయి. కాకి తొణకలేదు. మొదటి గుడ్డు ముక్కున పట్టుకుని లేచిపోయింది. నేను లేచి పరుగెత్తేలోపు ఇంకో కాకి రెండోది తీసుకుంది. కొంచెం దూరంలో ఉన్న ఇంకో బద్ద మీద మూడో కాకి తన వంతు కోసం కూర్చుని ఉంది.

నెలన్నరగా నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. కాకులకు గూటి గూటికీ గుర్తు పెట్టి, ఇక్కడ కూర్చుని ఇటు చూడండని చెప్పాను. పైగా నేరం కుక్కల మీద రాశాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బీడంతా తిరిగి బద్దలన్నీ పీకేశాను.

ఆ కట్ట తీసుకుపోయి పెద్దామె ముందు పడేశాను. జరిగింది చెప్పాను. చూశావా అంటుందని, అనాలని కూడా ఎదురుచూశాను. ఆమె అనలేదు.

"కాకికి ఏమెరుక? నువ్వు సూపెడితే సూసింది" అంది. "ఇగ ఏం జేస్తవ్?"

"గిదంత రాయాలె."

"రాస్తే ఏమైతది?"

"నా పని పనికిరాదంటరు. సంవత్సరం పోతది. మా బాపు ఊకోడు."

"రాయకపోతే?"

"ఎవలకు తెల్వది."

ఆమె ఒక బద్ద తీసి మోకాలి మీద పెట్టుకుని పైనున్న ముడి విప్పడానికి చూసింది. రాలేదు. "ఎవలు కట్టిండ్రో గని, గట్టిగ కట్టిండ్రు" అని దాన్ని అలాగే టమాట చెట్టు పక్కన గుచ్చింది.

నాలుగు రోజులు నాతో నేను కొట్లాడుకున్నాను. చెప్పకపోతే జూన్‌లో పట్టా. ముగింపు వాక్యాలు తయారుగానే ఉన్నాయి. అవి అబద్ధం కూడా కాదు, ఊళ్ళో కుక్కలున్నాయి, లారీలున్నాయి. పుస్తకం తెరిచిన ప్రతిసారీ "కుక్కలు" అని నేను రాసిన చోట కాకి కనబడేది. ఐదో రోజు సారు దగ్గరికి పోయి మొత్తం చెప్పాను.

సారు పుస్తకం రెండుసార్లు తిరగేశారు. "దూరంగా పెట్టమన్నాను" అన్నారు. "ఇలా రాస్తే జూన్‌కి నిలబడదమ్మా. వచ్చే ఎండాకాలం మళ్ళీ చేయాలి, ఏ గుర్తూ లేకుండా. చెప్పకపోతే నేను అడిగేవాణ్ణి కూడా కాదు. ఎందుకు చెప్పావు?"

"కాకిని నేను చూశాను సార్" అన్నాను. ఇంతకంటే మంచి జవాబు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అంతకంటే కష్టం బాపుకు చెప్పడం. దుకాణంలో రద్దీ లేని పూట చూసి ఎదురుగా కూర్చుని, ఆయన కడుతున్న గుడ్డల్లో సగం నేనూ తీసుకుని కడుతూ చెప్పాను. జూన్‌లో కాదు బాపూ, ఇంకో సంవత్సరం అన్నాను. ఆయన చేతులు ఆగాయి.

"మన బద్దలేనా?"

"మనవే."

చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. తర్వాత, అవి అమ్మే మనిషే, తల ఊపుతూ అన్నాడు: "ఆ బద్ద పాతిన కాడ ఏం మిగుల్తది బిడ్డా." బీఈడీ మాట ఆ రోజు తీయలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా తీయలేదు.

మరుసటి ఎండాకాలమంతా చేతిలో ఒక పుస్తకం, పెన్సిలు తప్ప ఏమీ లేకుండా తిరిగాను. బీడులో కూడా ఆమె పద్ధతే. కరెంటు స్తంభానికి వీపు పెట్టి ఇన్ని అడుగులు, విరిగిన కంచె రాయి నుంచి ఇన్ని. అడుగు చిన్నది చేసి నడవడం అలవాటయ్యేసరికి నా నడకే మారిపోయింది. ఇంట్లో అమ్మ, నడుం నొప్పా అని అడిగింది. కాలేజీలో జూనియర్లు నా వెనక నడిచి వెక్కిరించేవాళ్ళు. గూళ్ళు అన్నీ దక్కలేదు, కొన్ని నిజంగానే కుక్కలు తిన్నాయి. కానీ చాలావాటి నుంచి పిల్లలు లేచాయి. తుమ్మ మొద్దు దగ్గర పిట్ట ఆ ఏడాది కూడా అదే జాగలో, తొమ్మిదో అడుగు దగ్గరే పెట్టింది. నా లెక్కలో చివరి గూడు అది.

దాని పిల్లలు లేవడానికి ఇంకా వారం పది రోజులున్నాయనగా ఒక పొద్దున పెద్దామె నుంచి ఫోను వచ్చింది. అంతకుముందు ఆమె నాకు ఎప్పుడూ ఫోను చేయలేదు. "జర రా బిడ్డా" అని మాత్రం అని పెట్టేసింది.

నేను పోయేసరికి గట్టు మీద నిలబడి ఉంది. చెలకలో ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా వెదురు బద్దలు, ఎర్రగుడ్డలు. అవి పక్క వెంచరుకు వేసే దారి కోసమని తర్వాత తెలిసింది. ఆ పట్టీ మేర నేల చివరికి పోయింది, మిగిలిన నేల ఇప్పటికీ ఆమే దున్నిస్తోంది. కానీ ఆ పొద్దున మా ఇద్దరికీ అదేమీ తెలియదు.

ఆమె ఒక బద్ద దగ్గరికి పోయి గుడ్డ పట్టుకుని ముడి చూపించింది.

"నీ ముడే. గివి నీవేనా బిడ్డా?"

మొదటి ఏడాది నేను పెట్టినవాటిని ఆమె ఎంత పట్టుగా పీకిందో, ఇప్పుడు ఇవి నావే కావాలని అంతగా కోరుకుంటోంది. ఆ ముఖం చూడలేకపోయాను. నావే పెద్దమ్మా, మళ్ళీ పొరపాటు చేశాను అనాలని నోటిదాకా వచ్చింది. అంటే ఆ ఒక్క పూటైనా ఆమె అన్నం తినేది. ముడి చూశాను. రెండు చుట్లు, మెలితిప్పిన ముడి. మా దుకాణం డ్రమ్ములోంచి వచ్చినవే. బహుశా నేను కట్టినవే.

"నావి కావు పెద్దమ్మా" అన్నాను.

ఆమె గుడ్డ వదిలేసింది. గట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏం చేయాలో తోచక నేను తుమ్మ మొద్దు దగ్గరికి పోయాను. వీపు ఆనించి, టవరుకు ఎదురుగా నిలబడి, ఆమె అడుగులతో గట్టిగా లెక్కపెట్టాను. తొమ్మిది. నాలుగు గుడ్లూ ఉన్నాయి. పిట్ట పైన తిరుగుతూ నన్ను తిడుతోంది. గూటికి నాలుగడుగుల్లో ఒక బద్ద ఉంది. వరసలో అటు కొసనున్న బద్ద మీద అప్పటికే ఒక కాకి కూర్చుంది.

రెండు చేతులతో గూటి దగ్గరున్న బద్ద పట్టుకుని పీకాను. దాని పక్కది పీకాను, దాని పక్కదీ. మూడూ తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాను.

"టమాటలకు పెట్టు పెద్దమ్మా."

ఆమె వాటివంకా నావంకా చూసింది. "రేపు మళ్ళ పాతుతరు బిడ్డా."

"పాతనీ. పిల్లలు లేచేదాక పొద్దుగాల్నే వచ్చి పీకుత."

ఆమె మూడు బద్దలూ చంకన పెట్టుకుని లేచింది. "నువ్వు బడంగ్‌పేట నుంచి ఎప్పుడొస్తవ్? నేను ఈడనే ఉంట గద, నేను పీకుత" అంది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూడకుండానే అడిగింది: "ఎన్ని అడుగులన్నవ్?"

"తొమ్మిది."

"ఆ. మరిచిపోకు" అని టమాటల వైపు నడిచింది.